ప్రైవేట్ పైలట్ లైసెన్స్: 40 గంటల లెక్క నిజమేనా, అసలు ఎంతవుతుంది?

#1 నింగిబాట

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకోవాలని ఉంది. ఎయిర్‌లైన్‌లో చేరే ఉద్దేశం లేదు, పూర్తిగా సరదా కోసమే. ఒక ఫ్లయింగ్ స్కూల్‌కి ఫోన్ చేస్తే "40 గంటలు, గంటకి ఇంత, గుణించుకోండి" అన్నారు. ఇంకో స్కూల్లో అడిగితే ప్యాకేజీ చెప్పారు. అది మొదటివాళ్ల లెక్కకి సరిగ్గా రెట్టింపు. ఇద్దరిలో ఎవరిది నిజం? ఇప్పటికే లైసెన్స్ ఉన్నవాళ్లు, నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఎంత పొదుపు చేశాక మొదలుపెడితే మధ్యలో ఆగిపోకుండా ఉంటాను?

#2 జేబుకుచిల్లు

స్వాగతం తమ్ముడూ. నా యూజర్‌నేమ్ చూశావుగా, అదే నా సమాధానం.

#3 రెక్కలమామ

ఇద్దరూ నిజమే చెప్పారు బాబూ. మొదటివాళ్లు సగం చెప్పి ఊరుకున్నారు, అంతే.

ముందు ఆ 40 ఎక్కడిదో చూద్దాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కనీస ప్రమాణం అది: మొత్తం 40 గంటలు, ఆమోదం పొందిన కోర్సులో చేరితే 35. అందులో కనీసం 10 గంటలు సోలో, అంటే పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా ఎగరడం. ఆ పదిలో 5 గంటలు సోలో క్రాస్ కంట్రీ, అంటే దూరంగా వేరే చోటికి ఎగిరి వెళ్లడం. ఆ క్రాస్ కంట్రీల్లో ఒకటి కనీసం 270 కిలోమీటర్లు ఉండాలి, దారిలో రెండు వేరే ఏరోడ్రోమ్‌లలో దిగి పూర్తిగా ఆగాలి. దీని మీద ఒక్కో దేశం తన నిబంధనలు కలుపుకుంటుంది. అమెరికాలో 40 గంటలు, యూరప్‌లో 45.

అయితే ఇది "ఇంతకంటే తక్కువైతే పరీక్షకి పంపం" అనే గీత మాత్రమే. ఇంతలో అయిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. వారాంతాల్లో నేర్చుకునేవాళ్లకి 60 నుంచి 70 గంటలు పట్టడం మామూలే. 40కే పరీక్షకి వెళ్లినవాళ్లు లేరని కాదు, వాళ్లు సాధారణంగా సెలవు పెట్టి రోజూ ఎగిరినవాళ్లు.

మనవాళ్లు తలో దేశంలో ఉన్నారు కాబట్టి కరెన్సీలు పక్కనపెట్టి ఒక పని చేద్దాం. నీ దగ్గర్లో ఉన్న స్కూల్లో విమానం ఒక గంట అద్దె ఎంతో, దాన్ని ఒక "యూనిట్" అనుకో. ఇన్‌స్ట్రక్టర్ ఫీజు గంటకి 0.4 యూనిట్ అనుకుందాం. ఇది ఉదాహరణకే, మీ స్కూల్ అంకె మీరు వేసుకోండి.

మొత్తం 60 గంటలు ఎగిరావనుకో. విమానం 60 యూనిట్లు. అందులో 45 గంటలు ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉంటాడు. దానికి తోడు నేల మీద బ్రీఫింగులు, క్లాసులు కలిపి ఇంకో 15 గంటలు. అంటే 60 గంటల ఇన్‌స్ట్రక్టర్ ఫీజు, 24 యూనిట్లు. ఇప్పటికి 84. రాత పరీక్షలు, ఎగ్జామినర్ ఫీజు, ఆ రోజు విమానం అద్దె కలిపి ఓ 5. మెడికల్, పుస్తకాలు, చార్టులు, హెడ్‌సెట్ కలిపి ఓ 6. మొత్తం 95.

వాళ్లు నీకు చెప్పింది 40. జేబులోంచి పోయేది 95. లెక్క తడిసి మోపెడవడం అంటే ఇదే.

#4 నింగిబాట

మామగారూ, గుండె ఝల్లుమంది. కానీ ఇలా విడమరిచి చెప్పినవాళ్లు ఇప్పటిదాకా లేరు, థాంక్స్. మరి ఆ 60 గంటలని తగ్గించే మార్గం ఉందా? వారాంతాలే వీలవుతాయంటే 60 ఖాయమా?

#5 సుజాత_ఇన్‌స్ట్రక్టర్

నేర్పేవైపు నుంచి నేను చెబుతాను. మామగారి లెక్కలో అన్నిటికంటే ఖరీదైన అంశం కాగితం మీద కనపడదు. అది రెండు క్లాసుల మధ్య విరామం.

వారానికి రెండుమూడు సార్లు వచ్చే విద్యార్థి పోయినసారి ఆగిన చోటు నుంచి మొదలుపెడతాడు. మూడు వారాలకి ఒకసారి వచ్చే విద్యార్థితో ఆ గంటలో మొదటి ఇరవై నిమిషాలు పాత పాఠమే. ల్యాండింగుల దశలో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఫ్లేర్, అంటే నేల తాకేముందు ముక్కు ఎత్తి మెల్లగా దించడం, చదివితే వచ్చేది కాదు. రన్‌వే మీదికి వచ్చాక చూపు ముక్కు ముందున్న నేల మీద నుంచి తీసి రన్‌వే చివరకి మార్చాలి. పవర్ పూర్తిగా తీసేసి, విమానం కుంగుతున్నట్టు సీట్లో తెలిసినకొద్దీ కంట్రోల్‌ని కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ ఉండాలి. ఎక్కువ లాగితే మళ్లీ పైకి తేలుతుంది. తక్కువ లాగితే ముక్కు చక్రం ముందు తగులుతుంది. ఈ "కొంచెం" ఎంతో చేతికి తెలియాలి, చేతి జ్ఞాపకం మూడు వారాలు ఆగదు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి చెప్పేదొకటే. డబ్బు మొత్తంగానో, కనీసం మూడొంతుల్లో రెండొంతులో చేతిలో ఉన్నాక మొదలుపెట్టండి. నెలజీతంలో మిగిలినంతతో నెలకో గంట ఎగరడం అన్నిటికంటే ఖరీదైన పద్ధతి. మామగారి యూనిట్లలోనే చూడండి. వారానికి రెండుమూడు క్లాసులతో 45 గంటల్లో పూర్తయితే విమానం 45, ఇన్‌స్ట్రక్టర్ ఓ 19, మిగతా ఖర్చులు అవే 11. మొత్తం 75. అదే లైసెన్స్, 20 యూనిట్లు తక్కువ.

వారాంతాలే వీలైతే శని, ఆది రెండు రోజులూ ఉదయం మొదటి స్లాట్ బుక్ చేసుకోండి. మధ్యాహ్నం ఎండకి నేల వేడెక్కి గాలి కుదుపులు మొదలవుతాయి. గాలి పలచబడి విమానం ఎక్కడం కూడా నెమ్మదిస్తుంది. కొత్తవాళ్లు ఆ కుదుపుల్లో నేర్చుకునేది తక్కువ, అలసిపోయేది ఎక్కువ.

#6 మబ్బులచాటు

సుజాత గారు చెప్పింది అక్షరాలా నా కథ. రెండు రోజులూ బుక్ చేస్తాను. శనివారం మబ్బు, ఆదివారం విమానం మెయింటెనెన్స్‌లో. తర్వాతి వారం ఇన్‌స్ట్రక్టర్ సెలవు. పైగా సగం దారిలో ఇన్‌స్ట్రక్టర్ ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోయాడు. కొత్తాయన "ముందు మీరేం చేయగలరో చూస్తాను" అని స్టాల్స్ (రెక్కలు గాలి పట్టు కోల్పోయినప్పుడు బయటపడే అభ్యాసం) నుంచి మళ్లీ మొదలెట్టాడు. ఆ గంటలు ఏ ప్యాకేజీలోనూ లేవు కదా.

#7 సుజాత_ఇన్‌స్ట్రక్టర్

చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు గంటలు పోగుచేసుకోవడానికే ఈ పనిలో ఉంటారు, ఉద్యోగం రాగానే వెళ్తారు. వాళ్ల తప్పేం లేదు. చేరే ముందు రెండు ప్రశ్నలు అడగండి: నాకు కేటాయించే ఇన్‌స్ట్రక్టర్ ఇంకా ఎన్నాళ్లుంటారు? ట్రైనింగ్ రికార్డు ప్రతి క్లాసుకీ రాస్తారా? రెండోది ఉంటే కొత్తవాళ్లు మొదటి నుంచి పట్టుకోనక్కర్లేదు. ఎన్ని విమానాలున్నాయి, వాటిలో ఈరోజు ఎన్ని ఎగురుతున్నాయి అని కూడా అడగండి. ఈ రెండు అంకెల మధ్య తేడాలో స్కూల్ జాతకం మొత్తం ఉంటుంది.

#8 జేబుకుచిల్లు

నాదొక ప్రశ్న. అసలు ఒక గంటకి అంత ఎందుకు? నలభై ఏళ్ల నాటి డొక్కు సెస్నా, సీటు చిరిగి ఉంటుంది, రేడియోకి ఒక నాబ్ ఉండదు. దానికి ఆ రేటా?

#9 స్పానర్‌బాబు

అన్నా, డొక్కు అని తీసిపారేయకు. ఆ డొక్కుని ఎగరనిచ్చేది మాలాంటివాళ్లే :)

ఒక గంట అద్దెలో ఏముంటుందో చెప్తా. మొదటిది పెట్రోలు. సెస్నా 152 గంటకి సుమారు 23 లీటర్లు తాగుతుంది, 172 అయితే 32 లీటర్ల పైనే. అది కూడా బంకులో దొరికే పెట్రోలు కాదు, నీలిరంగు కలిపిన విమానాల పెట్రోలు, ఏవ్‌గ్యాస్. రెండోది ఇంజన్. 172లో ఉండే లైకమింగ్ ఇంజన్‌కి తయారీదారు చెప్పే ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) వ్యవధి 2000 గంటలు. ఆ రోజు వచ్చాక డబ్బు కోసం వెతుక్కుంటే కుదరదు కాబట్టి ప్రతి గంట అద్దెలోంచి కొంత పక్కన పెడతారు. 50 గంటలకి ఆయిల్ మార్చాలి, 100 గంటలకి ఇన్‌స్పెక్షన్, ఏడాదికోసారి పెద్ద ఇన్‌స్పెక్షన్. పైన ఇన్సూరెన్స్, హ్యాంగర్.

దానికి తోడు మీ ల్యాండింగులు. ముక్కు చక్రం మీద గట్టిగా దింపితే 172లో ఇంజన్ వెనకాల ఉండే ఫైర్‌వాల్ రేకు ముడతపడుతుంది. ఆ మరమ్మతు బిల్లు చూస్తే మీరు ఇంకెప్పుడూ రేటు గురించి మాట్లాడరు. బ్రేకులు తొక్కిపట్టి దిగితే టైరు ఒకచోట చదునుగా అరిగిపోతుంది. నెలకి ఎన్ని టైర్లు మారుస్తానో ఇక్కడ చెప్తే స్టూడెంట్లు హర్ట్ అవుతారు.

ఇంకో మాట. రేటు అడిగేటప్పుడు "వెట్టా, డ్రైయా" అని అడగండి. వెట్ అంటే ఇంధనం కలిపి, డ్రై అంటే పోయించుకునేది మీరే. తక్కువ రేటు చూసి చేరి, తర్వాత అది డ్రై అని తెలిసి లబోదిబోమన్నవాళ్లున్నారు. మీటర్ ఏది అన్నది కూడా ముఖ్యమే. హాబ్స్ మీటర్ అయితే ఇంజన్ తిరుగుతున్నంతసేపూ గడియారంలాగే తిరుగుతుంది. టాక్ మీటర్ ఇంజన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది. క్రూజ్ (ప్రయాణంలో ఉండే మామూలు) వేగంలోనే దానికి గంటంటే గంట. నేల మీద నడుపుతున్నప్పుడు (టాక్సీ), కిందికి దిగుతున్నప్పుడు మెల్లగా కదులుతుంది. ఒకే రేటు ఉన్న రెండు స్కూళ్లలో టాక్ మీటర్ ఉన్నది కొంచెం చవక పడుతుంది.

#10 నింగిబాట

వెట్, డ్రై సంగతి నాకు అస్సలు తెలియదు. ఇందాకే ఫోన్ చేసి అడిగాను, మొదటి స్కూల్‌వాళ్లది డ్రై అట!! ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పలేదు.

#11 రెక్కలమామ

అడగందే అమ్మయినా పెట్టదంటారు.

#12 ఆకాశగంగ

నేను కొంచెం వేరే విషయం చెప్తాను. ఇవన్నీ లెక్కేసేముందు మెడికల్ చేయించుకోండి. మా స్నేహితుడు పుస్తకాలు కొన్నాడు, హెడ్‌సెట్ కొన్నాడు, సోలోకి దగ్గరపడ్డాడు. సోలోకి ముందు మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి కాబట్టి వెళ్తే ఇషిహారా చుక్కల పుస్తకంలో అంకెలు కనపడలేదు. రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియదని పుట్టి ఇన్నేళ్లయినా వాడికే తెలియదు. తర్వాత వేరే పరీక్షలతో పరిమితుల సర్టిఫికెట్ ఏదో వచ్చింది, రాత్రి ఎగరకూడదని. అది కూడా నెలల తరబడి తిరిగాక. అక్కడ తేడా వస్తే మొదటికే మోసం కదా, అందుకే ముందు అది.

కళ్లజోడు ఉన్నంతమాత్రాన భయపడక్కర్లేదు. కళ్లజోడుతో చూపు సరిపోతే చాలు, స్పేర్ జత వెంట ఉంచుకోమంటారు.

#13 సుజాత_ఇన్‌స్ట్రక్టర్

పూర్తిగా ఏకీభవిస్తాను. ప్రైవేట్ లైసెన్స్‌కి అంతర్జాతీయ ప్రమాణంలో క్లాస్ 2 మెడికల్ చాలు. అమెరికాలో దానికి సమానమైనదాన్ని థర్డ్ క్లాస్ అంటారు. నలభై లోపు వయసుకి అయిదేళ్లు చెల్లుతుంది, నలభై దాటితే రెండేళ్లు. యాభై దాటాక చాలా దేశాల్లో ఏడాదే. షుగర్, బీపీ, ఫిట్స్, మానసిక చికిత్స, గుండె ఆపరేషన్ లాంటివి ఉంటే ముందుగా ఏవియేషన్ డాక్టర్‌తో మాట్లాడండి. ఫారంలో దాచకండి. దాచింది బయటపడితే లైసెన్స్‌తోబాటు ఇన్సూరెన్స్ కూడా పోతుంది.

#14 జాయ్‌స్టిక్_రాజు

నేను ఇంట్లో సిమ్యులేటర్ మీద బాగా ఎగురుతాను. పెడల్స్, యోక్ అన్నీ ఉన్నాయి. క్రాస్‌విండ్ ల్యాండింగులు కూడా కళ్లు మూసుకుని చేస్తా. నాకు 40లో అయిపోతుందా మేడమ్?

#15 సుజాత_ఇన్‌స్ట్రక్టర్

కళ్లు మూసుకుని చేయడమే సమస్య రాజు గారూ :)

సిమ్యులేటర్ వాళ్లకి కొన్ని బాగా వస్తాయి. చెక్‌లిస్టు, నావిగేషన్, ఏ మీటర్ ఏం చెబుతుందో, ఇవన్నీ చకచకా పట్టేస్తారు. ఇబ్బంది ఏంటంటే కళ్లు ప్యానెల్‌కి అతుక్కుపోయి ఉంటాయి. పగటిపూట, వాతావరణం బాగున్నప్పుడు నేర్చుకునే ఈ ఫ్లయింగ్‌లో చూపు ఎక్కువసేపు కిటికీ బయట ఉండాలి: దిగంతం ఎక్కడుంది, ఎదురుగా వేరే విమానం ఉందా అని. అలాంటి విద్యార్థులు వచ్చినప్పుడు నేను మీటర్ల మీద కాగితం అతికించేస్తాను. మొదట్లో తిట్టుకుంటారు, రెండు క్లాసుల్లో దారికొస్తారు.

ఇంట్లో ఎగిరిన గంటలు లాగ్‌బుక్‌లోకి (పైలట్ గంటలు రాసుకునే పుస్తకం) రావు. ఆమోదం పొందిన పరికరం మీద, ఇన్‌స్ట్రక్టర్‌తో చేస్తే కొన్ని గంటలు లెక్కలోకి వస్తాయి. అమెరికాలో సాధారణ పద్ధతిలో అది రెండున్నర గంటలు. ఫ్లేర్, రడ్డర్ (కాళ్ల పెడల్స్‌తో ముక్కుని పక్కకి తిప్పేది), కుదుపుల్లో పొట్ట తిప్పడం మాత్రం నిజం విమానంలోనే. టేకాఫ్‌లో పవర్ పెంచగానే ముక్కు ఎడమకి లాగుతుంది, కుడి రడ్డర్ వేయాలి. "కుడి కాలు, కుడి కాలు" అని అరిచి అరిచి నా గొంతు పోయింది.

#16 జాయ్‌స్టిక్_రాజు

😅 సరే మేడమ్, కుడి కాలు రెడీ.

#17 మబ్బులచాటు

నాకు విమానం కంటే రేడియో అంటేనే టెన్షన్. ఏటీసీవాళ్లు (నేల మీది నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్లు) గడగడా చదివేస్తారు. విన్నది తిరిగి చెప్పేలోపే (రీడ్‌బ్యాక్) నా నోట్లో సగం అంకెలు ఆవిరి. ఇంగ్లిష్ వచ్చి ఉద్యోగం కూడా చేస్తున్నాను, అయినా ఆ గొట్టంలోంచి వచ్చే ఇంగ్లిష్ వేరే భాషలా ఉంటుంది.

#18 రెక్కలమామ

దానికి మంచి చిట్కా ఉంది, ఖర్చు సున్నా. ఏటీసీ ఎప్పుడూ ఒకే వరుసలో మాట్లాడుతుంది. ఏ దశలో ఏం చెప్తారో ముందే ఊహించి మోకాలి మీద కాగితంలో ఖాళీలు గీసిపెట్టుకో: రన్‌వే, గాలి, క్యూఎన్‌హెచ్ (ఎత్తు మీటర్‌కి పెట్టే గాలి పీడనం), స్క్వాక్ (రాడార్‌లో గుర్తుపట్టే కోడ్). వాళ్లు చెబుతుంటే ఖాళీలు నింపడమే. కారులో వెళ్తూ ముందున్న బండి నెంబర్‌ని ఆల్ఫా బ్రావోల్లో (రేడియోలో అక్షరాలకి వాడే పేర్లు) చదువు. మావాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు, కానీ నెలలో నాలుక తిరిగింది.

విదేశాల్లో ఎగరాలంటే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష కూడా ఉంటుంది, కనీసం లెవెల్ 4. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం లెవెల్ 4 వచ్చినవాళ్లు మూడేళ్లకోసారి మళ్లీ రాయాలి, 5 అయితే ఆరేళ్లకి, 6 వస్తే ఇక అక్కర్లేదు. ఉచ్చారణలో యాస ఉన్నా పర్లేదు, అర్థమైతే చాలు.

#19 నింగిబాట

ఇంకో డౌట్. నాకు అందుబాటులో రెండు చోట్లున్నాయి. ఒకటి ఏటీసీ టవర్ ఉన్న పెద్ద ఎయిర్‌పోర్ట్, రెండోది టవర్ లేని చిన్న స్ట్రిప్. చిన్నదాంట్లో గంట అద్దె కొంచెం తక్కువ. ఎక్కడ చేరితే మేలు?

#20 స్పానర్‌బాబు

చిన్నదే. పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో జెట్‌ల వెనక క్యూలో నిలబడితే హాబ్స్ మీటర్ నీ డబ్బుతో తిరుగుతూనే ఉంటుంది. టాక్సీకే పావుగంట. ల్యాండింగ్ ఫీజు వేరే. టచ్ అండ్ గో (దిగి, ఆగకుండా మళ్లీ ఎగరడం) చేస్తే ప్రతి తాకుడుకీ ఫీజు వేసే చోట్లున్నాయి!

#21 ఆకాశగంగ

నేను ఒప్పుకోను. నేను పెద్ద ఎయిర్‌పోర్ట్‌లోనే నేర్చుకున్నాను. రేడియో భయం మొదటి పది గంటల్లోనే పోయింది. చిన్న స్ట్రిప్‌లో నేర్చుకున్న మా బ్యాచ్‌వాళ్లు లైసెన్స్ వచ్చాక కూడా టవర్ ఉన్న చోటుకి వెళ్లాలంటే వణుకుతారు. పొడవైన రన్‌వే, మంచి లైట్లు, వాతావరణ రిపోర్టులు, ఇవన్నీ ఊరికే రావు కదా.

#22 సుజాత_ఇన్‌స్ట్రక్టర్

ఇద్దరూ కరెక్టే, కానీ స్పానర్‌బాబు గారి వైపు కొంచెం మొగ్గుతాను. ల్యాండింగుల దశ అంటే సర్క్యూట్లు తిరగడం. నేల నుంచి వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంగా తిరిగి దిగుతారు. ఖాళీగా ఉన్న చిన్న చోట ఒక గంటలో ఎనిమిది, తొమ్మిది ల్యాండింగులు పడతాయి. రద్దీ ఉన్న చోట "డౌన్‌విండ్ పొడిగించండి, ఆర్బిట్ చేయండి" (ఇంకా దూరం వెళ్లండి, గుండ్రంగా తిరగండి) అంటూ నాలుగైదుకి పడిపోతుంది. మీరు కొనుక్కుంటున్నది గంటలని, కానీ మీకు కావల్సింది ల్యాండింగులు. చిన్న చోట చేరి, సోలో అయ్యాక పెద్ద ఎయిర్‌పోర్ట్‌కి రెండుమూడు క్రాస్ కంట్రీలు పెట్టమని అడగండి.

#23 దేవికానాన్న

నమస్కారం. మా అమ్మాయికి పదహారేళ్లు. పెద్దయ్యాక ఎయిర్‌లైన్ పైలట్ అవుతానంటోంది. ముందు ప్రైవేట్ లైసెన్స్ చేయించి తర్వాత కమర్షియల్‌కి పంపితే డబ్బు రెండుసార్లు పెట్టినట్టవుతుందా? డైరెక్ట్‌గా కమర్షియల్‌లో చేర్పించడం మంచిదా?

#24 రెక్కలమామ

అయ్యా, గంటలు వృథా కావు. ప్రైవేట్‌లో ఎగిరిన ప్రతి గంటా లాగ్‌బుక్‌లో ఉంటుంది, కమర్షియల్‌కి లెక్కలోకి వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణంలో కమర్షియల్‌కి 200 గంటలు, ఆమోదిత కోర్సులో 150. వయసు ప్రైవేట్‌కి 17, కమర్షియల్‌కి 18 నిండాలి. అంటే అమ్మాయికి ఇంకా టైముంది.

నా సలహా మాత్రం వేరే. ముందు క్లాస్ 1 మెడికల్ చేయించండి, ఎయిర్‌లైన్‌కి అదే కావాలి. అది పాసైతే పాపని నాలుగైదు క్లాసులకి చిన్న విమానంలో పంపండి. గ్లైడర్ క్లబ్ దగ్గర్లో ఉంటే ఇంకా మేలు, చవక. ఇంజన్ లేదు కాబట్టి గాలిని అర్థం చేసుకోక తప్పదు. ఆకాశంలో అమ్మాయి ముఖం ఎలా ఉందో చూశాక మీకే తెలుస్తుంది, పెద్ద మొత్తం కట్టాలా వద్దా అని. ప్రైవేట్ లైసెన్స్‌తో ఆగిపోయినా పోయేదేం లేదు.

#25 దేవికానాన్న

చాలా థాంక్స్ మామగారూ. మెడికల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

#26 జేబుకుచిల్లు

సరే, లైసెన్స్ వచ్చింది. అక్కడితో ఖర్చు అయిపోయిందనుకుంటున్నారు కదా అందరూ? ఇప్పుడే మొదలు. ప్రయాణికులని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. యూరప్‌లో రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అనుమతి) రెండేళ్లకోసారి పొడిగించుకోవాలి. దానికి చివరి ఏడాదిలో 12 గంటలు ఎగరాలి, అందులో ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట. లేదంటే మళ్లీ ఎగ్జామినర్ ముందు కూర్చోవాలి. అమెరికాలో రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ. మరి ఇందులోంచి తిరిగి సంపాదించొచ్చా అంటే అదీ లేదు. ప్రైవేట్ లైసెన్స్‌తో డబ్బు తీసుకుని ఎవరినీ తిప్పకూడదు. స్నేహితులతో ఖర్చు పంచుకోవచ్చు, అది కూడా మీ వాటా మీరు పెట్టుకోవాలి.

చుట్టాలని ఎక్కించి తిప్పుదామనుకునేవాళ్లకి ఇంకో మాట. 152లో ట్యాంక్ నిండా పోయిస్తే చెరో 85 కిలోల ఇద్దరు ఎక్కితే బరువు పరిమితి అంచుకి వచ్చేస్తారు. 172లో నాలుగు సీట్లు ఉన్నాయి కదా అని నలుగురు పెద్దవాళ్లు, ఫుల్ ట్యాంక్ అనుకోవద్దు. ఏదో ఒకటి దించాల్సిందే, పెట్రోలో బావమరిదో.

#27 స్పానర్‌బాబు

బావమరిదిని దించడం కంటే పెట్రోలు తీయడమే తేలిక, గొడవుండదు.

#28 నింగిబాట

😂 మరి విమానం వాటాల్లో కొనుక్కుంటే? నలుగురైదుగురు కలిసి కొంటారని విన్నాను.

#29 స్పానర్‌బాబు

లైసెన్స్ కాకముందే ఆ ఆలోచన పెట్టుకోకు. ఏనుగుని కొనడం తేలిక, మేపడమే కష్టం. హ్యాంగర్, ఇన్సూరెన్స్, ఏడాది ఇన్‌స్పెక్షన్ అనేవి నువ్వు ఎగిరినా ఎగరకపోయినా కట్టాల్సిందే. ఏడాదికి బాగా ఎగిరేవాళ్లు కలిస్తే వాటా గిట్టుబాటు. అప్పుడప్పుడు ఎగిరేవాళ్లకి అద్దే నయం. కొంటే మాత్రం విమానం లాగ్‌బుక్కులు నాలాంటివాడికి చూపించి కొను, రంగు చూసి కాదు. ఇంజన్‌కి ఓవర్‌హాల్ తర్వాత ఎన్ని గంటలైందన్నదే అసలు ధర.

#30 మబ్బులచాటు

చదువు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక మాట. థియరీ పరీక్షలు ముందే కానిచ్చేయండి. నేను రెండూ కలిపి లాగుదామనుకుంటే పరీక్షల ముందు నెల ఎగరడం ఆగిపోయింది, మళ్లీ ల్యాండింగులు మొదటి నుంచి. మా దేశంలో తొమ్మిది సబ్జెక్టులు: ఎయిర్ లా, మెటియోరాలజీ, నావిగేషన్, హ్యూమన్ పెర్ఫార్మెన్స్ ఇలా. ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి. అమెరికాలో 60 ప్రశ్నల ఒకే పేపరు, 70 శాతం చాలట. అదృష్టవంతులు.

#31 ఆకాశగంగ

మరీ ముందు రాసినా కష్టమే. పాస్ అయిన ఫలితాలకి గడువుంటుంది. అమెరికాలో 24 నెలలు, యూరప్‌లోనూ 24 నెలలే. ఆలోపు ఫ్లయింగ్ టెస్ట్ పూర్తవ్వాలి, లేదంటే మళ్లీ రాయాలి.

హెడ్‌సెట్ మొదట్లో కొనకండి, స్కూల్‌ది వాడుకోండి. కొంటే సెకండ్ హ్యాండ్‌లో ఆకుపచ్చ డేవిడ్ క్లార్క్ చూడండి, తలకి కాస్త బరువు గానీ ఏళ్ల తరబడి చెడదు. నాయిస్ క్యాన్సిల్ చేసే ఖరీదైన బోస్ లైసెన్స్ వచ్చాక బహుమతిగా ఇచ్చుకోండి. ఐప్యాడ్, యాప్ సబ్‌స్క్రిప్షన్ కూడా తర్వాతే. పేపర్ చార్ట్, స్కేలు, చేత్తో తిప్పే ఈ6బీ కంప్యూటర్ (దూరం, ఇంధనం లెక్కలకి) చాలు.

#32 నింగిబాట

రెండో స్కూల్‌వాళ్లు ప్యాకేజీ మొత్తం ముందే కడితే పది శాతం తగ్గిస్తామంటున్నారు. కట్టేయనా?

#33 జేబుకుచిల్లు

వద్దు!!! ఇంకోసారి చెప్తున్నా, వద్దు. నేను నేర్చుకున్న చోట అలాగే కట్టించుకున్నారు. ఒక సోమవారం వెళ్తే గేటుకి తాళం. విమానాలు లీజువాళ్లు తీసుకుపోయారు. పేరు ఇక్కడ రాయను. నాతోపాటు కట్టినవాళ్లెవరికీ పైసా తిరిగి రాలేదు. నా యూజర్‌నేమ్ అప్పుడు పెట్టుకున్నదే.

#34 అడ్మిన్

ఈ చర్చలో స్కూళ్ల పేర్లు రాయకుండా జాగ్రత్తపడుతున్నందుకు అందరికీ ధన్యవాదాలు. ఫిర్యాదులుంటే వినియోగదారుల ఫోరమ్‌కి వెళ్లండి, ఇక్కడ కాదు.

#35 రెక్కలమామ

చిల్లు గారికి జరిగింది చాలా చోట్ల జరుగుతూనే ఉంది. బాబూ, పది శాతం కోసం తొంభై శాతాన్ని పందెం కాయకు. ఐదు లేక పది గంటల బ్లాక్ కొనుక్కో. దాని మీద కూడా కొంత తగ్గింపు ఇస్తారు. అది వాడేశాక ఇంకో బ్లాక్. పోయినా పోయేది ఆ కాస్తే. డబ్బంతా చేతిలో ఉంచుకోమన్నది నీ బ్యాంకులో ఉంచుకోవడానికి, వాళ్ల బ్యాంకులో కాదు.

ప్యాకేజీ కాగితం తీసుకుని ఇవి చదువు: ఎన్ని గంటలు, అవి దాటితే గంటకి ఎంత, గ్రౌండ్ క్లాసులు కలిపా, ల్యాండింగ్ ఫీజులు ఎవరివి, ఎగ్జామినర్ ఫీజు ఉందా, టెస్ట్ ఫెయిలైతే రెండోసారి ఎవరు కడతారు, మధ్యలో మానేస్తే మిగిలింది తిరిగిస్తారా. ఆఖరి దానికి "అలా ఎవరూ మానేయరు సార్" అని నవ్వితే లేచి వచ్చెయ్.

#36 సుజాత_ఇన్‌స్ట్రక్టర్

ఇంకొకటి కలపండి మామగారూ. డబ్బు కట్టేముందు ఒక ట్రయల్ ఫ్లైట్ చేయండి, కానీ అరగంట ముందే వెళ్లి ప్రీఫ్లైట్ (ఎగిరేముందు చేసే తనిఖీ) చూడండి. ఇన్‌స్ట్రక్టర్ రెక్క కింద ట్యాంక్ నుంచి గ్లాసులోకి కొంచెం పెట్రోలు తీసి వెలుతురుకి పట్టుకుని చూడాలి. నీళ్లు ఉంటే నీలిరంగు కింద రంగులేని బుడగలా అడుగుకి చేరతాయి. ఆ గ్లాసు తీయకుండా, లేదా తీసి చూడకుండా పారబోసి "నిన్ననే ఎగిరిందిలే" అనే చోట చేరకండి. అలాంటివాళ్లు ఎంత తక్కువకి నేర్పినా నాకు నచ్చదు.

#37 నింగిబాట

అందరికీ పేరుపేరునా థాంక్స్. నేను ఇప్పుడు చేయబోయేది: వచ్చే వారం మెడికల్ అపాయింట్‌మెంట్. అది వచ్చాక థియరీ పుస్తకాలు. డబ్బు ఇప్పటికి 50 యూనిట్ల దాకా ఉంది. సుజాత గారి మాట ప్రకారం ఇంకో 15 పోగయ్యాక, చిన్న స్ట్రిప్‌లో పది గంటల బ్లాక్‌తో మొదలు. వేసవిలో పది రోజులు సెలవు పెట్టి ల్యాండింగుల దశ ఆ రోజుల్లో పడేలా చూసుకుంటాను. ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి.

#38 సుజాత_ఇన్‌స్ట్రక్టర్

బాగుంది. ఆ పది రోజుల సెలవు ఇప్పుడే స్కూల్‌తో మాట్లాడి స్లాట్లు రాయించుకోండి. సెలవుల్లో అందరూ ఎగబడతారు. రోజుకి రెండు క్లాసులకి మించి పెట్టుకోకండి, మూడోది డబ్బు దండగ.

#39 జేబుకుచిల్లు

ఆ చిన్న స్ట్రిప్ రేటు వెట్టా డ్రైయా, అడిగావా?

#40 నింగిబాట

అడిగానన్నా. వెట్. మీటర్ టాక్ :)